సగం అద్భుతం, సగం నీరసం: ఇటువంటి వీడియో గేమ్‌కు సమీక్షలో తీర్పు ఎలా చెప్పాలి?

ప్రశ్న: కోనసీమ చదువరి (అమలాపురం)

అందరికీ నమస్కారం. మా కళాశాల విద్యార్థులం కొందరం కలిసి నడుపుతున్న చిన్న తెలుగు పత్రికలో కథలు, సినిమాలతో పాటు వీడియో గేమ్‌లకూ ఒక పేజీ ఉంది. ఆ పేజీ నేను రాస్తున్నాను. ఈసారి పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ను సమీక్షకు తీసుకున్నాను. ఆట పూర్తి చేసి, చెప్పవలసిన విషయాలన్నీ రాసి పెట్టుకున్నాను కానీ తీర్పు దగ్గరికి వచ్చేసరికి కలం ముందుకు సాగడం లేదు.

ఆడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలును వెతుక్కుంటూ రాజీ అనే అమ్మాయి చేసే ప్రయాణమే కథ. ఆమె నడుస్తూ ఉంటే దుర్గాదేవి, విష్ణుమూర్తి పైనుంచి చూస్తూ తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటారు, ఆ మాటలే మనకు కథను నడిపిస్తాయి. రాజస్థాన్ కోటలను తలపించే మంటపాలు, దీపాల వెలుగులో మెరిసే ప్రాంగణాలు, గోడల మీద పురాణ చిత్రాలు ఉంటాయి. ఒక చిత్రం దగ్గర ఆగితే అందులోని గాథ వినిపిస్తుంది. కథా సన్నివేశాలు కొన్నింటిని తోలుబొమ్మలాట పద్ధతిలో చూపించారు. కాకినాడ దగ్గరి మాధవపట్నం బొమ్మలాటలు చూసి పెరిగిన మా అమ్మమ్మ ఆ సన్నివేశాలు నడుస్తున్నంతసేపూ నా పక్కనే కూర్చుని, బొమ్మల చేతుల కదలికను గురించి నాకు తెలియని సంగతులెన్నో చెప్పింది.

ఇంత అందం మధ్య పోరాటాలు మాత్రం నీరసంగా సాగుతాయి. తప్పుకోవడానికి బటన్ నొక్కినా రాజీ అప్పటికే మొదలుపెట్టిన దెబ్బ పూర్తి చేసుకుని కానీ కదలనట్టు అనిపిస్తుంది. కెమెరా చాలా దూరంగా నిలబడే చోట్ల ఆమె గెంతి ఎక్కడ దిగుతుందో తెలియదు. అదే రకం రాక్షసులు మళ్లీ మళ్లీ ఎదురవుతారు. చివరికి కథ ముగిసినట్టు కాక మధ్యలో తెగినట్టు ఆగిపోతుంది.

మా సంపాదకవర్గంలో ఒకరు దీనికి ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇవ్వాలంటున్నారు, మరొకరు రెండుకు మించి ఇవ్వకూడదంటున్నారు. మధ్యేమార్గంగా మూడు వేస్తే, మొదటి నుంచి చివరి వరకు ఏ విశేషమూ లేకుండా గడిచిపోయే ఆటకు ఇచ్చే మూడుకూ దీనికీ తేడా లేకుండా పోతుంది. గుణదోషాలు ఇంత ఎక్కువగా కలిసి ఉన్న ఆటల మీద విమర్శకులు తీర్పు ఎలా చెబుతారు, ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: భీమవరం కంట్రోలర్

చదువరి గారూ, మీరు చివర అడిగిన మాటలోనే అసలు చిక్కు ఉంది. పదికి ఆరో ఏడో తెచ్చుకునే ఆటలు రెండు జాతులవి. ఒక జాతిలో ప్రతి అంశమూ ఓ మోస్తరుగా ఉంటుంది, దేనికీ వంక పెట్టలేము, దేన్నీ మరుసటి వారం గుర్తుపెట్టుకోము. రెండో జాతిలో కొన్ని అంశాలు మరెక్కడా దొరకనంత గొప్పగా, మరికొన్ని సహించలేనంత అధ్వానంగా ఉంటాయి. అంకెలో ఈ రెండూ ఒకే చోట చేరతాయి కానీ, ఆడేవాడి అనుభవంలో ఒకదానికొకటి ఏ పోలికా ఉండదు. కాబట్టి సమీక్షకుడు ముందుగా ఇది ఏ జాతి ఆటో మొదటి పేరాలోనే తేల్చి చెప్పాలని నా అభిప్రాయం.

దీనికి నాకు తెలిసిన అతి పెద్ద ఉదాహరణ 2010లో జపాన్ నుంచి వచ్చిన ‘డెడ్లీ ప్రెమొనిషన్’. అదే ఆటకు ఐజీఎన్ అనే ఆటల వెబ్‌సైటు సమీక్షకుడు పదికి 2 ఇస్తే, డిస్ట్రక్టాయిడ్ అనే మరో సైటు సమీక్షకుడు పదికి 10 ఇచ్చారు. సర్వైవల్ హారర్ (భయపెట్టే పరిస్థితుల్లో ప్రాణాలు కాపాడుకునే) ఆటలన్నిటిలోకీ విమర్శకులను ఎక్కువగా చీల్చిన ఆటగా అది గిన్నిస్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది. ఆ ఆటలో కారు నడపడం ఒక శిక్ష, తుపాకీ గురిపెట్టడం మరో శిక్ష. అదే ఆటలో ఒక చిన్న ఊరి జనానికి ఎవరి దినచర్య వారికి ఉంటుంది, ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో వెంట వెళ్లి చూడవచ్చు, వారి ఇళ్ల కిటికీల్లోంచి తొంగి చూడవచ్చు. పరిశోధనకు వచ్చిన అధికారికి గడ్డం పెరుగుతుంది, బట్టలు మాస్తాయి, తనలో ఉన్న మరొకరితో ఆయన మాట్లాడుతూనే ఉంటాడు. రెండు ఇచ్చిన విమర్శకుడు చూసినవీ, పది ఇచ్చిన విమర్శకుడు చూసినవీ రెండూ ఆ ఆటలో ఉన్నవే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ రెండు తీర్పుల సగటు తీసి ఆరు అని రాస్తే మాత్రం, ఆట ఆడిన ఏ ఒక్కరికీ కలగని అభిప్రాయాన్ని పాఠకుడి చేతిలో పెట్టినట్టవుతుంది.

ఇక రెండో సంగతి. గుణం ఎంత, దోషం ఎంత అని తూచడం కన్నా, దోషం గుణానికి అడ్డం పడుతోందా అని చూడడం మేలు. ‘రాజీ’లో ఒక అందమైన ప్రాంగణం నుంచి మరొక ప్రాంగణానికి వెళ్లాలంటే మధ్యలో పోరాటం గెలిచి తీరాలి, దాన్ని దాటవేసే దారి లేదు. కాబట్టి అక్కడ పోరాటంలోని లోపం పక్కన పెట్టదగిన చిన్న లోపం కాదు, చిత్రాల కోసం వచ్చిన ఆటగాడు అడుగడుగునా చెల్లించే మూల్యం. అదే లోపం ఇష్టమైతేనే ఆడే పక్క పనుల్లో ఉండి ఉంటే దానికి ఇంత బరువు ఇవ్వనక్కరలేదు. మీ సమీక్షలో ఈ సంబంధాన్ని ఒక సన్నివేశం తీసుకుని చూపించండి. ‘గ్రాఫిక్స్ బాగున్నాయి, పోరాటాలు బాగాలేవు’ అనే రెండు ముక్కల కన్నా అది పాఠకుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

జవాబు: గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, వారు ప్రస్తావించని ఒక విషయాన్ని చేరుస్తాను. నేను హైదరాబాదులో గేమ్‌లను పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. ఏ యంత్రం మీద, ఏ అప్‌డేట్ తరువాత ఆడారో చెప్పని తీర్పు మా వృత్తిలో తీర్పే కాదు. గుణదోషాలు కలిసిన ఆటల్లో దోషాలు చాలామటుకు యంత్రాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ ఉంటాయి.

‘సైబర్‌పంక్ 2077’ సంగతి చూడండి. 2020 డిసెంబరు 10న విడుదలకు ముందు పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ సమీక్షకులకు పీసీ ప్రతులు మాత్రమే ఇచ్చింది. తాము ఆడిన దృశ్యాలను చూపించడానికి కూడా వారిని అనుమతించలేదు, సంస్థ ఇచ్చిన దృశ్యాలనే వాడుకోవలసి వచ్చింది. ఆ సమీక్షలన్నీ చదివి సోనీ వారి ఆట యంత్రం పీఎస్4 మీద ఆట కొన్నవారికి కనిపించినది వేరే లోకం: ముఖాలకు రంగులు ఆలస్యంగా పట్టడం, ఫ్రేమ్ రేటు పడిపోయి కదలిక తడబడడం, ఆట ఉన్నట్టుండి ఆగిపోవడం. విమర్శకుల మార్కులు కలిపి నూటికి సగటు చూపించే మెటాక్రిటిక్ సైటులో పీసీ రూపానికి 86, పీఎస్4 రూపానికి 57 వచ్చాయి. ఒకే పేరుతో ఉన్న ఒకే కథకు ఇంత తేడా. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచి ఆ ఆటను తీసివేసింది, 2021 జూన్‌లో కానీ తిరిగి పెట్టలేదు. తరువాత మరమ్మతులు జరుగుతూ, 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఆటలోని నైపుణ్యాల పద్ధతి, పోలీసుల ప్రవర్తన కూడా మారిపోయాయి. ఈ రోజు ఎవరైనా ‘సైబర్‌పంక్ మంచి ఆటేనా’ అని అడిగితే 2020 నాటి ఏ సమీక్షనూ చేతికి ఇవ్వలేము. అంతమాత్రాన ఆ సమీక్షలు తప్పు కావు, అవి ఆనాటి సరుకుకు ఆనాటి తీర్పులు.

మన గోదావరి జిల్లాల్లో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. ఇక్కడ కుర్రవాళ్లు ఎక్కువమంది పాత పీఎస్4ల మీదా, అన్నయ్యలు చదువు ముగించి ఇంట్లో వదిలిన ల్యాప్‌టాప్‌ల మీదా ఆడుతున్నారు. ఖరీదైన పీసీ మీద ఆడిన విమర్శకుడి తీర్పు వీరికి సగం సమాచారమే. కాబట్టి ‘రాజీ’ని మీరు ఏ యంత్రం మీద ఆడారో, అది ఎంత పాతదో, కదలిక ఎక్కడెక్కడ తడబడిందో రాయండి. ఆ ఆట ముందు 2020 ఆగస్టులో నింటెండో స్విచ్ మీద వచ్చి, అక్టోబరులో మిగిలిన యంత్రాలకు వచ్చింది. స్విచ్ మీద ఆడినవారి ఫిర్యాదులను పీసీ మీద ఆడిన మీరు అలాగే ఎత్తి రాయకూడదు, వారి మెచ్చుకోళ్లను కూడా.

కోనసీమ చదువరి (అమలాపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. దోషం గుణానికి అడ్డం పడుతోందా అనే ప్రశ్న నాకు బాగా ఉపయోగపడింది. నేను పాత ల్యాప్‌టాప్ మీద, గ్రాఫిక్స్ తగ్గించుకుని ఆడాను, ఆ మాట తప్పకుండా రాస్తాను. అయితే నక్షత్రాలు లేకుండా సమీక్ష వేయడానికి మా సంపాదకులు ఒప్పుకోవడం లేదు. ‘చదివేవారు ముందు నక్షత్రాలే చూస్తారు’ అంటున్నారు. అంకె ఇవ్వక తప్పనప్పుడు దాన్ని ఎలా ఇవ్వాలి?

జవాబు: పరిషత్తు ప్రేక్షకుడు (పాలకొల్లు)

అమ్మాయీ, నేను వయసులో పెద్దవాణ్ణి. మనవడి పక్కన కూర్చుని ఈ ఆటల్లోకి వచ్చాను. మా పాలకొల్లు వైపు పరిషత్తు నాటకపోటీలు చూస్తూ పెరిగిన నాకు మీ సంపాదకుల సమస్య కొత్తగా అనిపించలేదు. అక్కడ న్యాయనిర్ణేతలు ఉత్తమ ప్రదర్శనతో పాటు ఉత్తమ రచన, ఉత్తమ నటుడు, ఉత్తమ రంగాలంకరణ, ఉత్తమ ఆహార్యం అని వేరువేరు బహుమతులు ఇస్తారు. నాటకం మొత్తంగా నిలబడకపోయినా అందులో ముసలి తండ్రి వేషం వేసినాయన మనసు పిండేశాడంటే, ఆయన బహుమతి ఆయనకు దక్కుతుంది. ఆ నాటకానికి ప్రదర్శన బహుమతి రాదు. చూసినవారికి రెండు సంగతులూ తెలుస్తాయి. మీరు కూడా ఒక్క అంకె కాక చిత్రకళకు ఒకటి, కథకు ఒకటి, ఆడే తీరుకు ఒకటి వేయండి. మొత్తం మీద ఒక అంకె వేయక తప్పకపోతే చివరన వేయండి, దాని పక్కనే దాన్ని కిందికి లాగినది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి.

జపాన్‌లో 1986 నుంచి వస్తున్న ఫమిట్సు పత్రిక ఇందుకు దగ్గరైన పద్ధతి ఒకటి పాటిస్తోంది. ఒక్కో ఆటను నలుగురు చూసి పదేసి మార్కులకు విడివిడిగా వేస్తారు, మొత్తం నలభై. ఆ నాలుగు అంకెలనూ అచ్చులో పక్కపక్కనే చూపిస్తారు. నలుగురూ ఏడు వేస్తే ఒక అర్థం, ఇద్దరు తొమ్మిది వేసి ఇద్దరు ఐదు వేస్తే మరో అర్థం. మొత్తం రెండు చోట్లా ఇరవై ఎనిమిదే అయినా, చీలిక పాఠకుడి కళ్ల ముందే ఉంటుంది. మీ సంపాదకవర్గంలో నాలుగు అన్నవారూ రెండు అన్నవారూ ఇద్దరూ ఉన్నారు కదా, ఇద్దరి అంకెలనూ కారణాలతో సహా వేయండి. నా దృష్టిలో ఇంతకన్నా నిజాయితీ గల తీర్పు లేదు.

అంకెను చిన్నచూపు చూడమని మాత్రం నేను అనను. దాని వెనుక మనుషుల బతుకులు ఉంటాయి. 2010లో అబ్సిడియన్ సంస్థ తయారుచేసిన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ విడుదలనాడు బగ్‌లతో నిండి ఉంది, రచన మాత్రం ఆ రకం ఆటల్లో ఇప్పటికీ ముందు వరుసలో నిలబడుతుంది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే సంస్థకు అదనపు సొమ్ము ఇస్తామన్నది ఒప్పందం, వచ్చింది 84. ఆ సొమ్ము రాలేదు. ఈ సంగతిని ఆ సంస్థకు చెందిన క్రిస్ అవెలోన్ 2012లో స్వయంగా బయటపెట్టారు. ఎవరెవరో వేరువేరు కొలమానాలతో వేసిన అంకెలను, బయటికి చెప్పని బరువులతో కలిపి తీసిన సగటు అది. పైగా ఆ సైటులో ఆటలకు 75 నుంచి ఆకుపచ్చ, 50 నుంచి 74 వరకు పసుపు. ఒక్క మార్కు తేడాతో రంగే మారిపోతుంది. గుణదోషాలు కలిసిన ఆటలన్నీ ఆ పసుపు గట్టు మీదో, దాని అంచునో చేరతాయి. ఆ గట్టు మీద ఏది రత్నమో ఏది రాయో రంగు చెప్పదు.

అంకెలు పూర్తిగా వదిలేసినవారూ ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన యూరోగేమర్ సైటు 2015లో మార్కులు మానేసి ‘తప్పక ఆడదగినది’, ‘ఆడదగినది’, ‘వదిలేయదగినది’ వంటి ముద్రలు వేసింది. చివరికి 2023లో ఐదు నక్షత్రాల పద్ధతికి తిరిగి వచ్చింది. పాఠకుల అలవాటు అంత బలమైనది. మీ సంపాదకులతో ఈ విషయంలో పోరాడి లాభం లేదు, ఆ శక్తిని వాక్యాల మీద పెట్టండి.

జవాబు: లంకవాసి (రాజోలు)

పెద్దాయన చెప్పిన ఇద్దరి అంకెల పద్ధతి నాకు నచ్చింది. నేను డబ్బు వైపు నుంచి ఒక మాట చెబుతాను, ఎందుకంటే సమీక్ష చదివేవారిలో ఎక్కువమంది విమర్శ కోసం కాక కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి చదువుతారు.

పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆటను పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే తిరిగి ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఈ వీలు 2015 నుంచి ఉంది. కాబట్టి మొదటి రెండు గంటల్లో కనిపించే లోపాల నుంచి కొనుగోలుదారుడు తనను తాను కాపాడుకోగలడు. ఆ తరువాత బయటపడే లోపాల నుంచి అతణ్ణి కాపాడగలిగినవాడు సమీక్షకుడు ఒక్కడే. ‘రాజీ’లో మొదటి గంటల్లో కొత్తదనం కళ్లకు కడుతుంది, ఒకే రకం పోరాటాల విసుగు, తెగిపోయే ముగింపు ఆ తరువాతే వస్తాయి. మీ తీర్పులో ఏ లోపం ఎప్పుడు మొదలవుతుందో రాయండి. అయిదారు గంటల్లో ముగిసే ఆట కాబట్టి ఆ విసుగు భరించలేనంతగా పెరగకముందే ఆట అయిపోతుందని కూడా రాయండి. నలభై గంటల ఆటలో ఇదే లోపం ఉంటే నేను కొనవద్దనే చెబుతాను.

స్టీమ్‌లో వాడుకరుల సమీక్షల పక్కన ‘మిశ్రమం’ అని కనిపిస్తే, మెచ్చుకున్నవారు నూటికి నలభై నుంచి అరవై తొమ్మిది మధ్య ఉన్నారని మాత్రమే అర్థం. అక్కడ ఉన్నది బొటనవేలు పైకో కిందికో చూపడమే. అందరూ ‘ఫరవాలేదు’ అనుకున్న ఆట నూటికి తొంభై తెచ్చుకోగలదు, కొందరు ప్రాణంగా ప్రేమించిన ఆట అరవై దగ్గర ఆగిపోగలదు. అక్కడ అంకె కన్నా కింద రాసినవి చదవడం, మొత్తం సమీక్షల పక్కన ఇటీవలి సమీక్షలను వేరుగా చూడడం మంచిది. 2016లో తిట్లు తిన్న ‘నో మ్యాన్స్ స్కై’ ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్లు ఇస్తూ పోయి, 2024 నవంబరుకు కానీ మొత్తం సమీక్షల్లో ‘చాలా సానుకూలం’ అనే స్థాయికి చేరలేదు. పాత కోపం అంకెలో అంతకాలం నిలిచిపోతుంది.

చివరిగా ఒక సందేహం. ‘రాజీ’ మన దేశపు చిన్న బృందం కష్టపడి చేసిన ఆట. మన పురాణాలను ఇంత శ్రద్ధగా చూపించిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అటువంటి దానిపై కొంత ఉదారంగా ఉండడం తప్పా?

జవాబు: భీమవరం కంట్రోలర్

లంకవాసి గారూ, ఈ ఒక్క విషయంలో నేను మీతో విభేదిస్తాను. బృందం చిన్నదని, పెట్టుబడి తక్కువని సమీక్షలో తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే పోరాటాలు ఎందుకు అలా ఉన్నాయో, కథ ఎందుకు అక్కడ ఆగిందో ఊహించడానికి ఆ సమాచారం పాఠకుడికి పనికొస్తుంది. ఆ కారణంతో అంకె పెంచడం మాత్రం సరికాదు. 2021 జనవరి 26న మన దేశంలోనే తయారైన ‘ఫౌజీ’ అనే మొబైల్ ఆట విడుదలైనప్పుడు దేశాభిమానంతో ముందే అయిదు నక్షత్రాలు వేసినవారు ఎందరో ఉన్నారు. తీరా చూస్తే మొదటి రూపంలో ఒక్క కథాభాగం, చేతులతోనూ కర్రలతోనూ కొట్టుకోవడం తప్ప తుపాకీ యుద్ధం లేదు. పబ్‌జీ వంటిది వస్తుందని ఆశించినవారు నిరాశతో అంతే వేగంగా ఒక్కో నక్షత్రం వేశారు. రెండు గుంపుల్లోనూ ఆటను ఆటగా చూసినవారు తక్కువ. ఆ తయారీదారులకు ఆ అయిదుల వల్ల కానీ ఆ ఒకట్ల వల్ల కానీ తెలుసుకోదగినది ఏమీ దొరికి ఉండదు.

‘రాజీ’కి ఉదారత అవసరం కూడా లేదు. అది 2020లో ది గేమ్ అవార్డ్స్‌లో కొత్త స్వతంత్ర సంస్థల తొలి ఆటల విభాగానికి నామినేట్ అయింది. ప్రపంచమంతటి నుంచి వచ్చిన ఆటల పక్కన నిలబెట్టి చూసినా దాని చిత్రకళ తలెత్తుకునే ఉంటుంది. పక్కనే ఉన్న హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే ఆట చేసింది. అక్కడ పరిస్థితి దాదాపు దీనికి తలకిందులు: కొట్టే తీరులో బిగువు ఉంది, ఆడిన ప్రతిసారీ శక్తుల చెట్టు (ఏ శక్తి తరువాత ఏది సంపాదించవచ్చో చూపే పటం) కొత్తగా ఏర్పడుతుంది, పరిసరాలు మాత్రం ‘రాజీ’ అంత మనసులో నిలవవు. చదువరి గారు ఈ రెండు ఆటలనూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, ఒకదాని బలం రెండోదాని లోటును ఎలా చూపిస్తోందో రాస్తే బాగుంటుంది. ‘అసుర’ ఆ పాత ల్యాప్‌టాప్ మీద ఎలా నడుస్తుందో కూడా చూసి రాయండి, మా భీమవరం కుర్రవాళ్లు ముందు అడిగేది అదే.